పందిట్లో పల్లెటూరు, పొలంలో వాడిన పూలు

ఇటీవల మేమొక పెళ్ళికి వెళ్ళాం. హైదరాబాదుకు పడమటి దిక్కున, చేవెళ్ళ పోయే రోడ్డు మీద వున్న ఫంక్షన్ హాలు. ఆటో దిగగానే పొరపాటున ఎవరి కల్లంలోకో వచ్చామా అని అనుమానం కలిగింది. గేటుకు ఇరుపక్కలా ఎద్దుబండి చక్రాలు నిలబెట్టారు. వాటి వెనక గడ్డి మోపులు పేర్చారు. చాటలు, జల్లెడలు, గంపలు రంగులు పూసి గోడకు తగిలించారు. చెట్లకు లాంతర్లు వేలాడుతున్నాయి. వాటిలో కిరసనాయిలు లేదు, కరెంటు బల్బులున్నాయి. వేదిక మీద పూరిగుడిసె ముఖద్వారం కట్టారు. దానికి ఒక పక్క నాగలి, మరో పక్క కాడి. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఇదే ఫ్యాషనట. "విలేజ్ థీం" అంటారట. దీనికి అద్దె, కట్టిన కూలీ అంతా కలిపి లక్షల్లో అయిందని పెళ్ళికూతురి మేనమామ కాస్త గర్వంగానే చెప్పాడు.

మాతోపాటు ఆ దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పెళ్ళివారికి దూరపు చుట్టం. రెండెకరాల రైతు, బంతి, చామంతి వేస్తాడు. ఆయన వేదిక దగ్గరకు వెళ్ళి కాడిని చేత్తో తడిమి చూశాడు.

"కాడి ఉల్టా కట్టిండ్రు. గిట్ల కడితె ఎద్దు మెడ పుండయితది" అన్నాడు.

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. చక్రాల దగ్గర నిలబడి, "మా ఇంట్ల గూడ గిసొంటి గిర్రలే వుండె. పాత సామాన్లోడు ఇనుప కమ్మి తూకమేసి తీస్కపాయె. కట్టెకు పైస ఇయ్యలె" అన్నాడు. ఆ తర్వాత తలమీద ఎర్రగా, పచ్చగా మెరుస్తున్న పూల కమాను వైపు చూసి ఒక పువ్వును వేళ్ళతో నలిపాడు. అది నలగలేదు. ప్లాస్టిక్ బంతి. "పొద్దుగాల గుడిమల్కాపూర్ల మూడు బస్తాలు పోసి వచ్చిన. కిలకు పన్నెండు పడ్డది. ఈడ జూస్తె గిది" అని, చేతులు దులుపుకుని భోజనాల వైపు నడిచాడు.

ఆ రోజు ఆయన మాట్లాడింది అంతే. మిగతాది మేం మాట్లాడవలసి వుంది. పందిట్లో పల్లెటూరిని అద్దెకు తెచ్చుకుంటున్నారు, పల్లెటూళ్ళో పూలు పండించేవాడిని మాత్రం మరిచిపోతున్నారు. ఈ రెండూ ఒకే పెళ్ళిలో, ఒకే పూట జరుగుతున్నాయి. ఇది ఎవరి అభిరుచి ఎంత గొప్పదన్న చర్చ కాదు. పెళ్ళిఖర్చు రూపాయిలో రైతు వాటా ఎంత అన్న చర్చ.

పువ్వు వెనక ఎన్ని చేతులు

పూలసాగు అంటే చాలామంది సుకుమారమైన పని అనుకుంటారు. మల్లెతోటలో ఒక్క తెల్లవారుజాము నిలబడి చూస్తే ఆ భ్రమ పోతుంది. మల్లె మొగ్గను సూర్యుడు పైకి రాకముందే కోయాలి. విచ్చుకున్నదంటే మార్కెట్లో దాన్ని అడిగేవాడుండడు. అందుకే ఆడకూలీలు చీకట్లోనే నెత్తికి లైటు కట్టుకుని, పాములకూ తేళ్ళకూ భయపడుతూ, నడుం వంచి ఒక్కొక్క మొగ్గా తుంచుతారు. కనకాంబరం మరీ తేలిక పువ్వు. గంటలకొద్దీ కోసినా తూకంలో కనపడదు. కొన్ని రోజుల్లో దాని ధర వందలు పలుకుతుందని వినేవాడికి గొప్పగా వుంటుంది గానీ, కిలో కావడానికి ఎన్ని వేలు నొప్పి పుట్టాయో ఎవరూ లెక్కకట్టరు.

బంతి నారుమడిలో సుమారు నెల, నాటిన తర్వాత మరో 2 నెలలు పెంచితే గానీ పూత చేతికి రాదు. అంటే రైతు పెళ్ళికి 3 నెలల ముందే ముహూర్తం లెక్క వేసుకోవాలి. పంచాంగం పురోహితుడికి ఎంత అవసరమో పూలరైతుకూ అంతే అవసరం. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. శ్రావణంలో వుంటాయి. భాద్రపదంలో మళ్ళీ వుండవు. ఆశ్వయుజంలో బతుకమ్మ, దసరా వస్తాయి. కార్తీకంలో పెళ్ళిళ్ళు మొదలవుతాయి. మాఘ, ఫాల్గుణాలు, వైశాఖం గట్టి ముహూర్తాల నెలలు. మధ్యలో మూఢం వచ్చినా, అధికమాసం వచ్చినా మొత్తం లెక్క తారుమారు. చెట్టుకు మూఢం తెలియదు. అది తన వేళకు పూస్తుంది. పూసిన పువ్వు మూడో రోజుకు చెత్త.

చామంతి సంగతి ఇంకో రకం. పగలు పొట్టిగా వుండే కాలంలో పూసే మొక్క అది. అందుకే చలికాలపు పువ్వయింది. పూత ఆలస్యం కావాలని రాత్రుళ్ళు పొలంలో బల్బులు వెలిగించే రైతులున్నారు. కరెంటు పోతే ఆ లెక్కా పోతుంది. గట్టి మంచు, అకాల వాన, పేనుబంక, ఆకుమచ్చ, వీటన్నిటినీ దాటి పువ్వు బస్తాలోకి చేరాక అసలు కష్టం మొదలవుతుంది. అది మార్కెట్ కష్టం.

బస్తా నుంచి తక్‌పట్టీ దాకా

హైదరాబాదులో ఒకప్పుడు జాంబాగ్‌లో వున్న పూల మార్కెట్ తర్వాత గుడిమల్కాపూర్‌కు మారింది. గోదావరి జిల్లాల్లో కడియపులంక మార్కెట్ పేరు తెలియనివారుండరు; కడియం నర్సరీల మొక్కలు దేశమంతా పోతాయి. ఏ మార్కెట్ చూసినా పద్ధతి ఒక్కటే. రైతు తెల్లారేసరికి బస్తాలు దించుతాడు. ధర ఆయన చెప్పడు. కొనేవాడికీ కమీషన్ ఏజెంటుకూ మధ్య మాట నడుస్తుంది. పొద్దెక్కే కొద్దీ ధర పడుతుంది. వడ్లయితే ఇంటికి తీసుకెళ్ళి గాదెలో పోసుకోవచ్చు. పువ్వును తీసుకెళ్ళి ఏం చేసుకోవాలి? ఈ నిస్సహాయతే దళారీకి పెట్టుబడి.

ఒక పెళ్ళి లెక్క వేసి చూద్దాం. పందిరికి 2 క్వింటాళ్ళ బంతి పట్టిందనుకుందాం. కిలో 20 రూపాయలు పలికిన రోజే అనుకుందాం. మొత్తం 4 వేలు. కమీషన్ నూటికి 10 తీసుకుంటే 400 పోయాయి. కోతకు నలుగురు కూలీలు, మనిషికి 300 చొప్పున 1,200. ఆటో కిరాయి 800. బస్తాలు, హమాలీ కలిపి 150. మిగిలింది 1,450. ఇందులోంచి నారు, ఎరువు, మందులు, నీళ్ళు, కౌలు, 3 నెలల చాకిరీ అన్నీ తీరాలి. అదే పెళ్ళిలో ఆ 2 క్వింటాళ్ళ పూలు గుచ్చి వేలాడదీసిన మనిషికి కూడా పెద్దగా దక్కేది లేదు. రాత్రంతా దండలు కట్టే ఆడవాళ్ళకు మూరకు ఇంత అని చిల్లర కూలి. మరి బిల్లులో "పూల అలంకరణ" అని వేసిన అంకె అంత పెద్దదెలా అయింది? రైతుకు ముట్టింది పోగా, కూలికి ముట్టింది పోగా, మిగిలిందెక్కడికి పోయిందో పెళ్ళి చేసే తండ్రికీ తెలియదు, పువ్వు పండించిన రైతుకూ తెలియదు. ఇద్దరూ మోసపోయినవారే.

ఇది కిలో 20 పలికిన రోజు లెక్క. పండగ ముందు రోజు అదే బంతి వంద దాటిన సందర్భాలున్నాయి. పండగ వెళ్ళిన మూడో నాడు 10 రూపాయలు కూడా పలకక రోడ్డు మీద పారబోసి వెళ్ళిన సందర్భాలూ వున్నాయి. పత్రికల్లో ఆ ఫొటోలు ఏటా చూస్తున్నాం. చూసి పేజీ తిప్పుతున్నాం.

కేంద్ర ప్రభుత్వం 22 పంటలకు కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. చెరకుకు వేరే ధర నిర్ణయిస్తుంది. ప్రకటించిన ధర రైతుకు దక్కుతున్నదా లేదా అన్నది వేరే పోరాటం. కానీ పూలకు ఆ ప్రకటన కూడా లేదు. పువ్వు నిలవ వుండదు కాబట్టి కొనలేం అంటారు. నిలవ వుండని పంటకే కదా ఆసరా ఎక్కువ కావాలి! ఉద్యాన పంటల పేరుతో పాలీహౌస్‌లకు సబ్సిడీలిచ్చారు. అప్పుచేసి జర్బెరా, గులాబీ వేసిన రైతులున్నారు. 2020 మార్చి 25 ఉగాది. ఆ రోజే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. శ్రీరామనవమి పందిళ్ళు లేవు, వైశాఖ ముహూర్తాలు లేవు, గుళ్ళు మూతపడ్డాయి. మొక్క మీదే పూలు ఎండిపోయాయి, కోసిన పూలు దిబ్బల పాలయ్యాయి. సబ్సిడీ ఇచ్చి షెడ్డు వేయించిన ప్రభుత్వానికి ఆ షెడ్డులో పూసిన పువ్వు ఏమయిందో పట్టలేదు. బ్యాంకు వడ్డీ మాత్రం లాక్‌డౌన్ పాటించలేదు.

వాడని పువ్వు

దీనికి తోడు ఇప్పుడు ప్లాస్టిక్ పువ్వు వచ్చిపడింది. చాలా భాగం చైనా నుంచి దిగుమతి. అలంకరణ పనివాడికి అది లాభసాటి; ఒకసారి కొంటే పాతిక పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పుకోవచ్చు. దుమ్ము పడితే నీళ్ళలో ముంచి తీస్తాడు. ముహూర్తంతో పనిలేదు, చీకట్లో కోతతో పనిలేదు. ఒక ప్లాస్టిక్ కమాను పాతిక పందిళ్ళలో నిలబడిందంటే పాతికసార్లు ఒక రైతు బస్తా అమ్ముడుపోలేదన్న మాట.

2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని కేంద్రం నిషేధించింది. ఆ జాబితాలో బెలూన్ల పుల్లలున్నాయి, ప్లాస్టిక్ జెండాలున్నాయి, అలంకరణకు వాడే థర్మోకోల్ వుంది. ప్లాస్టిక్ పువ్వు లేదు. ఇది ఒక్కసారి వాడేది కాదు గదా అని వాదించవచ్చు. కానీ రంగు వెలిసిన తర్వాత అది చేరేది కూడా చెరువులోకే, పశువు కడుపులోకే. మహారాష్ట్రలో పూల రైతులు ఈ విషయం మీద బొంబాయి హైకోర్టు దాకా వెళ్ళారు. 2025లో అక్కడి శాసనసభలోనూ ప్లాస్టిక్ పూలను నిషేధించాలన్న మాట వచ్చింది. అది రైతులు కూడగట్టుకుని అడిగితే వచ్చిన కదలిక. మన దగ్గర అంత గట్టిగా అడుగుతున్నామా?

పల్లెటూరి వేషం

ఇక బండి చక్రాల సంగతి. మాకు వాటి మీద కోపం లేదు. పట్నంలో పుట్టి పెరిగిన పిల్లలకు తాతల నాటి నాగలి ముచ్చటగా కనిపిస్తే తప్పు పట్టవలసిందేమీ లేదు. కానీ ఆ నాగలి పందిట్లోకి ఎలా వచ్చిందో ఆలోచించాలి. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద ఆవుజాతి మగ పశువులు సుమారు 6 కోట్ల 79 లక్షలు. 2019 నాటికి అవి సుమారు 4 కోట్ల 74 లక్షలకు పడిపోయాయి. అంటే 7 ఏళ్ళలో ప్రతి 10లో 3 పోయాయి. ట్రాక్టరు వచ్చింది, మేత భారమైంది, చిన్న రైతు జత ఎడ్లను సాకలేకపోయాడు. ఎడ్లు పోయాక బండి మూలపడింది. మూలపడ్డ బండిని పాత సామాన్లవాడు తూకానికి కొన్నాడు. తూకానికి కొన్నది రంగు పూసుకుని పెళ్ళికి అద్దెకు వచ్చింది. పందిట్లో మనం చూసి ముచ్చటపడుతున్నది ఒక రైతు ఇంటి నుంచి తరలిపోయిన ఆస్తిని.

గడ్డి మోపు కూడా అంతే. కోతమిషన్లు వచ్చాక చాలాచోట్ల పొలంలో గడ్డివాము వేసే పనే తగ్గిపోయింది. పశువుకు గడ్డి లేక రైతు కొనుక్కుంటున్న ఊళ్ళున్నాయి. ఆ గడ్డే ఫంక్షన్ హాల్లో ఒక్క రాత్రి ఫొటోలకు నిలబడి, తెల్లారి చెత్తబండి ఎక్కుతుంది.

ఫంక్షన్ హాలు లేచిన నేల గురించీ ఒక మాట చెప్పుకోవాలి. మొయినాబాదు, శంకరపల్లి, చేవెళ్ళ చుట్టుపక్కల పొలాలు ఎన్నో ఏళ్ళుగా హైదరాబాదుకు కూరగాయలు, పూలు పంపుతున్నాయి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు ఆంక్షలు పెట్టింది. ఆంక్షలున్న రోజుల్లోనే ఫాంహౌస్‌లు, ఫంక్షన్ హాళ్ళు లేచాయి. 2022లో ఆ ఆంక్షలు తొలగిస్తూ మరో జీవో వచ్చింది. అక్కడి రైతుల్లో ఆంక్షలు పోవాలని కోరుకున్నవారూ చాలామందే. వారిని మేం తప్పుపట్టం. సాగు గిట్టుబాటయితే భూమి అమ్ముకోవాలని ఏ రైతూ కోరుకోడు. బంతి పూసిన నేల మీద హాలు కట్టి, ఆ హాలుకు ప్లాస్టిక్ బంతి తగిలించి, దానికి పల్లెటూరని పేరు పెట్టడం మాత్రం మాకు మింగుడుపడదు.

పాతకాలం అంతా బంగారమా?

ఇక్కడ మమ్మల్ని ఒకరు అడగవచ్చు: "అంటే మళ్ళీ వెనకటి పల్లెటూరి పెళ్ళే కావాలంటారా?" లేదు. మేం అలా అనడం లేదు.

వెనకటి పెళ్ళిలో తాటాకు పందిరి వుంది, పాలకొమ్మ రాట వుంది, గెల వేసిన అరటిచెట్లు, మామిడి తోరణాలు, అయిరేణి కుండలు, పెళ్ళికూతురిని కూచోబెట్టి తెచ్చే గంప, అన్నీ వున్నాయి. ఏదీ అద్దెకు తెచ్చింది కాదు. కుమ్మరి కుండలు చేశాడు, మేదరి గంప అల్లాడు, వడ్రంగి పీటలు చెక్కాడు, మంగలి సన్నాయి ఊదాడు, చాకలి దివిటీ పట్టాడు. అందంగానే వుంది. మరి వాళ్ళకు ఏం ముట్టింది? చాలాచోట్ల నాలుగు మానికల గింజలు, ఒక పాత పంచె, పందిరి బయట చివరి పంక్తిలో భోజనం. నిజాం కాలపు తెలంగాణలో అదీ లేదు. దొరగారింట్లో పెళ్ళంటే కుండ నుంచి విస్తరాకు దాకా వెట్టి. ఏ వృత్తివాడు ఏమేం ఊరికే ఇవ్వవలసి వచ్చేదో పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువడిన తన తెలంగాణ పోరాట గ్రంథంలో కులాలవారీగా రాశారు. ఆ వెట్టిని పోగొట్టడానికి జనం ప్రాణాలిచ్చారు. ఆ పల్లెటూరు మళ్ళీ రావాలని కోరుకునేవాడు ఆ పల్లెటూళ్ళో అట్టడుగున బతికినవాడు కాడు.

కాబట్టి మా వాదన పాతదనం గురించి కాదు. వస్తువు పల్లెదయితే డబ్బూ పల్లెకు పోవాలన్నదే. మేదరి బుట్ట అందంగా వుందా, మేదరి దగ్గరే కొనండి, ఆయన చెప్పిన ధరకు కొనండి. అద్దెకు తెచ్చిన రంగు చాట వల్ల ఏ మేదరి ఇంట్లోనూ పొయ్యి వెలగదు. కుమ్మరి కుండ నచ్చిందా, ఇరవై కుండలు చేయించండి, పెళ్ళయ్యాక వచ్చినవారికి తలా ఒకటి ఇచ్చి పంపండి. వేసవిలో మంచినీళ్ళకు పనికొస్తాయి.

ఏ కాలానికి ఆ పువ్వు

పెళ్ళి చేసేవారికి మేం చెప్పగలిగిన సలహా పెద్దదేమీ కాదు. ఏ కాలానికి ఆ పువ్వు పెట్టుకోండి. వైశాఖం ముహూర్తమా, మల్లెను మించింది లేదు. ఆ రోజుల్లో కాపు విరివిగా వుంటుంది, రైతుకు కొనేవాడు కావాలి. కార్తీకం, మాఘం అయితే చామంతి. బంతి దాదాపు ఏడాదంతా దొరుకుతుంది. దండలకు నేల సంపెంగ వుంది. మార్కెట్లో లిల్లీ అంటారు. జడకు కనకాంబరం, నడుమ మరువం, దవనం. ఫాల్గుణంలో మోదుగ పూస్తుంది, వానలు వెళ్ళాక తంగేడు పూస్తుంది. ఇవి పొలంగట్ల మీద, గుట్టల మీద దొరికేవి. కోసి తెచ్చిన మనిషికి కూలి గిట్టేట్టు ఇస్తే చాలు. థాయిలాండు నుంచి విమానంలో వచ్చిన ఆర్కిడ్ పువ్వు వేదికకు ఎంత శోభ తెస్తుందో మాకు తెలియదు గానీ, ఆ డబ్బు మాత్రం మన ఊరి పొలిమేర తొక్కదు.

రెండో మాట. పువ్వులు రైతు దగ్గర నేరుగా మాట్లాడుకోండి. పెళ్ళి ముహూర్తం 2, 3 నెలల ముందే తెలుస్తుంది గదా! నాటే ముందే ఒక రైతుతోనో, నలుగురు రైతులతోనో ఇంత ధరకు ఇన్ని కిలోలని చెప్పుకుని కొంత బయానా ఇస్తే, ఆయన ధైర్యంగా మొక్క పెడతాడు. మార్కెట్ పడిపోయినా మాట తప్పకండి. ధర పెరిగితే ఆయనా మాట తప్పకుండా ఇస్తాడు. పూలు గుచ్చే పని ఆ ఊరి ఆడవాళ్ళకే అప్పజెప్పి రాత్రిపని కూలి ఇవ్వండి. ఇది దానం కాదు. బేరం. అయితే రెండు పక్కలా న్యాయంగా వున్న బేరం.

మూడో మాట, మా వామపక్ష ఉద్యమం ఎప్పటినుంచో చెబుతున్నదే. రెండు దండలతో సభాముఖంగా జరిగిన పెళ్ళిళ్ళు తెలుగునాట ఎన్నో వున్నాయి. ఆ దంపతులు ఎవరికన్నా తక్కువగా కాపురం చేయలేదు. అప్పు చేసి పందిరి వేసే రైతు కుటుంబాలను చూసినప్పుడల్లా మాకు ఆ దండల పెళ్ళిళ్ళే గుర్తొస్తాయి. ఏ ఇంట్లో పూలు పండుతాయో ఆ ఇంటి ఆడపిల్ల పెళ్ళికే పూలకు అప్పు తెచ్చిన ఉదంతాలు మేం చూశాం. అంతకు మించిన విడ్డూరం ఏముంది? తక్కువ ఖర్చు పెట్టండి. పెట్టిన ఆ తక్కువలో ఎక్కువ భాగం పండించినవాడికి, అల్లినవాడికి, గుచ్చినవాళ్ళకు చేరేట్టు చూడండి.

కొనేవారి దయ మీద ఆధారపడితే చాలదు

అయితే పెళ్ళివారి మంచితనంతోనే పూలరైతు బతుకు బాగుపడుతుందని చెబితే మేం పాఠకులను మోసం చేసినట్టే. పది మంది మంచివాళ్ళు నేరుగా కొంటే పది మంది రైతులకు మేలు. మిగతావారు తెల్లారేసరికి బస్తాతో మార్కెట్లోనే నిలబడాలి. అక్కడి పద్ధతి మారాలి. అది ప్రభుత్వం చేయవలసిన పని.

పూల మార్కెట్లలో బహిరంగ వేలం జరగాలి. తూకం, ధర, కోతలు అన్నీ రాసిన తక్‌పట్టీ రైతు చేతికి రావాలి. కమీషన్ రైతు దగ్గర కాదు, కొనేవాడి దగ్గర వసూలు చేయాలి. పూలు పండే మండలాల్లో చల్లని గదులు కట్టాలి. బంతి, చామంతి మరో నాలుగు రోజులు నిలవ వుండగలిగితే దళారీ పట్టు సగం సడలిపోతుంది. ధర నేలకు దిగిన రోజుల్లో ఆదుకోవడానికి ఒక నిధి పెట్టాలి. దేవాలయాలు, ప్రభుత్వ సభలు వాడే పూలు రైతు సంఘాల దగ్గర నేరుగా కొనాలి. మంత్రిగారి సభావేదిక మీద ప్లాస్టిక్ పూలు పెట్టి ఉద్యానశాఖ పథకాల గురించి ఉపన్యసించడం మానాలి. ప్లాస్టిక్ పువ్వును నిషేధ జాబితాలో చేర్చాలి. పూలు వేసేవారిలో కౌలుదార్లు చాలామంది; పంట రుణం, నష్టపరిహారం భూమి యజమాని పేరున కాక సాగుచేసే మనిషి పేరున రావాలి. దండలు కట్టే స్త్రీలకు కనీస వేతనం అమలు చేయాలి.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. వీటిలో ఏ ఒక్కటీ ఒక పెద్ద పెళ్ళి ఖర్చు పెట్టిన మనిషికి కూడా అర్థం కానిది కాదు. అర్థం కానట్టు నటిస్తున్నది పాలకులు. అడగవలసినంత గట్టిగా అడగనిది మనం. వడ్లకు, పత్తికి, మిర్చికి రోడ్డెక్కిన రైతాంగం పూలకు ఇంకా పూర్తిగా సంఘటితం కాలేదు. పూలరైతు ఒంటరిగా బస్తా దించి, ఒంటరిగా తక్‌పట్టీ పట్టుకుని ఇంటికి పోతున్నాడు. రైతు సంఘాలు ఈ సంగతి పట్టించుకోవాలి. పూలు పండే ప్రతి ఊళ్ళో పూలరైతుల కమిటీ ఏర్పడాలి.

ఆ పెళ్ళిలో భోజనాలయ్యాక పెద్దాయనను బస్సెక్కించడానికి మేం రోడ్డు దాకా వెళ్ళాం. మార్కెట్ నుంచి తెచ్చిన ఖాళీ బస్తాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. రేపు మళ్ళీ కోత వుందన్నాడు. వచ్చే ముహూర్తాలకు బంతి వేస్తావా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "ఎయ్యక ఏం జేస్త? నాకచ్చింది గదే" అన్నాడు.

పని వచ్చినవాడు పని మానుకోకముందే మనం మేలుకోవాలి. లేకపోతే చక్రాలు, నాగళ్ళు పోయిన దారినే రేపు బంతితోట కూడా పోతుంది. అప్పుడు అసలు బంతిపువ్వు ఎట్లా వుండేదో పిల్లలకు చూపించడానికి పందిట్లో ఏ రంగు పూసిన బొమ్మను నిలబెడదాం?